ఈ సలహాలు వద్దు మాస్టారూ

"మెడల్ కొట్టినోడికి దిగులేంటండీ?"

ఈ మాట సామర్లకోటలో టీ కొట్టు దగ్గర విన్నాను, కాకినాడలో గ్రౌండు గట్టు మీద విన్నాను, డిగ్రీలు చదివినవాళ్ల ఇళ్లలోనూ విన్నాను. అనేవాళ్లు చెడ్డవాళ్లేం కారు. ఆ మెడల్ తెచ్చిన కుర్రాడి కోసం చందాలు పోగుచేసినవాళ్లు, ట్రయల్స్‌కి వెళ్తుంటే స్టేషన్ దాకా వచ్చి బ్యాగు మోసినవాళ్లు. అందుకే వాళ్ల మాటకి బలం ఎక్కువ. పరాయివాడు వెక్కిరిస్తే దులుపుకుని పోవచ్చు. మనవాడు ప్రేమగా తప్పుడు సలహా ఇస్తే కాదనలేక మింగేస్తాం.

పుట్టుకతోనో ప్రమాదం వల్లనో వైకల్యం వచ్చి, ఆటలో దేశం తరఫున నిలబడేదాకా వెళ్లినవాళ్ల మనసు ఎలా ఉందో కనిపెట్టి చూడటం గురించి మన దగ్గర చెలామణిలో ఉన్న సలహాలు చాలావరకు తప్పు. పీఈటీ మాస్టార్లు, కోచ్‌లు, అమ్మానాన్నలు, సన్మానాలు చేసే పెద్దలు అందరి నోటా విన్నవే ఇక్కడ రాస్తున్నాను. ఎందుకు తప్పో, బదులుగా ఏం చెయ్యాలో కూడా చెబుతాను.

ముందు ఆ మెడల్ మాటే తీసుకుందాం. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవంజి దీప్తి మేధో వైకల్యంతో పుట్టింది. చిన్నప్పుడు ఊళ్లో వాళ్లు 'పిచ్చిది' అన్నారు, 'కోతి' అన్నారు. ఏదైనా అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకి సలహా చెప్పినవాళ్లూ ఉన్నారు. కూలి పనులు చేసుకునే ఆ ఇద్దరూ ఆ సలహా వినలేదు. ఆ పిల్ల కోచ్ నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ తీసుకుని, 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్ల టీ20 (మేధో వైకల్య) విభాగంలో స్వర్ణం గెలిచింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టింది. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లకి కాంస్యం అందుకుంది.

దేశమంతా పండగ చేసుకుంది, చేసుకోవాల్సిందే. దీప్తి మనసులో ఏముందో నేను రాయను. చెప్పుకోవాలనిపిస్తే ఆమే చెప్పుకుంటుంది. కానీ ఆ అంకెలు ఒకసారి చూడండి. మే నెలలో తన విభాగంలో ప్రపంచంలో ఎవరూ అంతకుముందు పరిగెత్తనంత వేగంగా పరిగెత్తిన మనిషి, నాలుగు నెలలు తిరక్కుండానే ముప్పావు సెకను వెనకబడి మూడో స్థానంలో నిలిచింది. మనకి అది పతకం. పరిగెత్తినవాళ్లకి అది పతకమూ అవుతుంది, ఆ ముప్పావు సెకనూ అవుతుంది. పైగా, పేర్లు పెట్టి ఏడిపించిన నోళ్లే దండలు తెచ్చినప్పుడు మనిషి లోపల ఏమవుతుందో ఆలోచించండి. పాత మాటలు దండ కింద అణిగిపోతాయనుకోవడం మన అమాయకత్వం.

పెద్ద పోటీలు ముగిశాక క్రీడాకారులు కుంగిపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. పారా క్రీడాకారుల విషయంలో మనం గమనించని సంగతి ఇంకొకటుంది. పారాలింపిక్ క్రీడాగ్రామంలో గదిలోకి వీల్‌చైర్ వెళ్తుంది, స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలుంటాయి, బస్సు నేలకి దిగి ఎక్కించుకుంటుంది. అక్కడున్నన్నాళ్లూ ఎవర్నీ పిలవకుండా బతికిన మనిషి ఇంటికొచ్చి, బాత్రూముకి వెళ్లడానికి మళ్లీ తమ్ముణ్ణి కేకెయ్యాలి. గడప ఎత్తు మారలేదు, వీధి అరుగు మారలేదు. అక్కడ వారానికి రెండుసార్లు చూసిన ఫిజియో ఇక్కడ లేడు. ఆ దిగుడు సన్మానాల సందడిలో కనపడదు. ఫ్లెక్సీలు దించేశాక, ఫోన్లు ఆగిపోయాక మొదలవుతుంది. కాబట్టి ఊరేగింపు రోజున ఫొటో దిగినవాళ్లు రెండో నెలలో ఒకసారి ఆ ఇంటికి వెళ్లండి. మైకు లేకుండా, మెడల్ ఊసెత్తకుండా కాసేపు కూర్చుని రండి. వీలైతే ఓ మేస్త్రీని తీసుకెళ్లి ఆ బాత్రూము గడప కొట్టించండి. మనసు ఆరోగ్యానికి మన ఊళ్లో చెయ్యగలిగిన పనుల్లో దాన్ని నేను చాలా పైన పెడతాను.

"నువ్వు నలుగురికీ ఆదర్శం, నువ్వే డీలాపడితే ఎలా?" అన్నది రెండో సలహా. ఆదర్శం అన్నాక ఆ మనిషికి ఏడ్చే హక్కు పోతుంది. పొద్దున్నే లేవబుద్ధి కాలేదని ఎవరికి చెప్పుకోవాలి? గెలిచొచ్చినవాణ్ణి మొక్కు తీర్చడానికి భీమేశ్వరుడి గుడికి తీసుకెళ్తాం. మా సామర్లకోట కుమారారామంలో లింగం కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఉంటుంది, అభిషేకం పైన. మెట్లెక్కలేడని నలుగురం కలిసి అడక్కుండానే ఎత్తేస్తాం. భుజాలతో ప్రపంచాన్ని గెలిచినవాణ్ణి పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి, అది మన భక్తి అనుకుంటాం. ముందు అడగండి. కిందే ఉండి దణ్ణం పెట్టుకుంటానంటే వదిలేయండి.

ఇప్పుడు చదువుకున్నవాళ్లు ఇచ్చే సలహా: "అంగవైకల్యం ఉన్నాక ఆ మాత్రం దిగులు మామూలేనండి." డాక్టర్ల నోటా ఈ మాట వస్తుంది. దీన్ని విడమర్చి చూడాలి, ఎందుకంటే ఇందులో రెండు వైపులా ప్రమాదం ఉంది.

కుంగుబాటు ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నపత్రం ఒకటుంది, పీహెచ్‌క్యూ-9 అంటారు. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇలా అనిపించింది అని అడుగుతుంది. ఒక్కోదానికి సున్నా నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. పది వస్తే డాక్టరు ఓసారి నిదానంగా చూడాలన్నది వాడుకలో ఉన్న గీత. వెన్నుపాము దెబ్బతిన్న ఒక వీల్‌చైర్ అథ్లెట్ ముందు ఆ కాగితం పెట్టారనుకుందాం. మూడో ప్రశ్న నిద్ర గురించి. పుండ్లు పడకుండా అతను రాత్రి లేచి పక్కకి తిరగాలి, మూత్రం గొట్టం సంగతి చూసుకోవాలి. ఏ రాత్రీ ఏకధాటిగా పడుకోడు. 3 వేసుకోండి. నాలుగోది అలసట. మన రోడ్ల మీద చక్రాలు తోసుకుని గ్రౌండుకి వచ్చి, అక్కడ ప్రాక్టీసు చేసి, మళ్లీ తోసుకుంటూ వెళ్లే మనిషి. ఇంకో 3. అయిదోది ఆకలి. విరేచనం వేళ తప్పకుండా ఉండటానికి తిండిని గడియారం చూసి తినే మనిషిని ఆకలి గురించి అడిగితే ఏం చెబుతాడు? ఎనిమిదోది కదలికలు నెమ్మదించాయా అని. ఈ నాలుగు ప్రశ్నలకే 12 దాకా రావచ్చు. మనిషి నవ్వుతూనే ఉండొచ్చు.

ఇది ఒక వైపు. రెండో వైపు ఇంకా ప్రమాదం. నిజంగా కుంగిపోయిన మనిషి వచ్చి నిద్ర పట్టట్లేదంటే, "నీ పరిస్థితికి అది మామూలేలే" అని పంపేస్తారు. మొదటిసారి లేని జబ్బు అంటగట్టారు, రెండోసారి ఉన్న జబ్బుని వైకల్యం చాటున దాచేశారు.

విరుగుడు తేలికే, డబ్బు ఖర్చు లేదు. మనిషి బాగున్న రోజుల్లోనే ఒకసారి అడిగి రాసిపెట్టుకోవాలి. అతని మామూలు నిద్ర ఎంత, మామూలు నొప్పి ఎంత, మామూలుగా ఎంత తింటాడు. ఆ తర్వాత ఎప్పుడు అడిగినా ఆ మామూలుతోనే పోల్చాలి. పక్కవాడితోనో, పుస్తకంలో గీతతోనో కాదు. మామూలుగా నాలుగు గంటలు పడుకునే మనిషి మూడు వారాలుగా రెండు గంటలే పడుకుంటున్నాడంటే అది కబురు. ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా, మనసంతా చీకటిగా ఉందా, తను ఎందుకూ పనికిరానని అనిపిస్తోందా, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన వస్తోందా అన్న ప్రశ్నలకి వచ్చే జవాబుల మీద ఎక్కువ ధ్యాస పెట్టండి. వాటిని వైకల్యం ఖాతాలో వెయ్యలేం.

"ఫారాలు నింపించేశాం కదా, రికార్డు ఉంది" అనే అధికారులకి ఒక మాట. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2019లో మేటి క్రీడాకారుల మానసిక ఆరోగ్యం మీద నిపుణుల ఉమ్మడి పత్రం తెచ్చింది. దాని వెనకే ఎస్‌ఎంహెచ్‌ఏటీ-1 అనే పరీక్షా పద్ధతి వచ్చింది. పదహారేళ్లు దాటినవాళ్లకి ముందు పది ప్రశ్నలు, అందులో 17 గానీ ఆపైన గానీ వస్తే ఆందోళన, కుంగుబాటు, నిద్ర, మద్యం, మత్తుమందులు, తిండి గురించి మరో ఆరు ప్రశ్నపత్రాలు, అవసరమైతే ఆ తర్వాత డాక్టరు. మంచి పద్ధతే. సీజను మొదట్లో ఒకసారి, గాయమైనప్పుడు, పెద్ద పోటీల తర్వాత మళ్లీ అడగమంటుంది. ఏడాదికోసారి క్యాంపులో బెంచీల మీద వరసగా కూర్చోబెట్టి, పక్కవాడికి కనపడేలా నింపిస్తే అది పరీక్ష కాదు, హాజరు పట్టీ.

ఎవరు నింపుతున్నారన్నది ఇంకా ముఖ్యం. కళ్లు కనపడని అథ్లెట్‌కి ప్రశ్నలు ఎవరు చదివి వినిపిస్తున్నారు? చాలాసార్లు గైడ్ రన్నరో, రూమ్‌మేటో. పారిస్‌లో 200 మీటర్ల టీ12 విభాగంలో సిమ్రన్ శర్మ కాంస్యం గెలిచినప్పుడు గైడ్ అభయ్ సింగ్ పక్కనే పరిగెత్తాడు. ఆ బంధం అంత దగ్గరది. గైడ్‌తో పడట్లేదన్న సంగతి గైడ్ చదివే కాగితం మీద ఎవరూ చెప్పరు. ఫోన్లో చదివి వినిపించే సదుపాయం ఉంది, ఇయర్‌ఫోన్ ఇచ్చి ఒంటరిగా వదలండి.

వినపడనివాళ్ల సంగతీ అంతే. వాళ్లు ఆడేది పారాలింపిక్స్ కాదు, డెఫ్లింపిక్స్. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లోనూ 2025లో టోక్యోలోనూ ఆ పోటీల్లో స్వర్ణాలు గెలిచాడు. అలాంటివాళ్లని కౌన్సెలింగ్‌కి తీసుకెళ్లినప్పుడు సైగలు చదివి చెప్పేది అమ్మే అయితే, అమ్మ గురించిన బాధ బయటికి ఎలా వస్తుంది? ఇంటివాళ్లు కాని సైగభాషా అనువాదకులు కావాలి.

మేధో వైకల్యం ఉన్నవాళ్ల విషయంలో "ఆడికేం తెలుస్తుందండీ, మేం చెబుతాం కదా" అంటారు. ఈ సలహా నన్ను అన్నిటికంటే బాధపెడుతుంది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు వైకల్యం లేనివాళ్లని దింపిన పాపానికి, ఈ విభాగం మొత్తాన్నీ పారాలింపిక్స్ నుంచి తీసేశారు. మళ్లీ 2012 లండన్‌లో గానీ రానివ్వలేదు. ఎవరో చేసిన తప్పుకి వీళ్లు అన్నేళ్లు బయట నిలబడ్డారు. ఇప్పుడు లోపలికి వచ్చాక కూడా వాళ్ల బదులు మనమే మాట్లాడతామంటే ఎలా? చిన్న వాక్యాల్లో అడగండి. "ఈ వారం గ్రౌండుకి రావాలనిపించిందా?" చాలు. బొమ్మల కార్డులు పెట్టండి, ఏ ముఖం నీది అని అడగండి. జవాబు కోసం ఆగండి. అడిగి ఆగకుండా పక్కనున్న నాన్న వైపు తిరుగుతామే, ఆ అలవాటు మానాలి. ఇంటివాళ్లు గమనించింది కూడా రాసుకోవచ్చు, వేరే పేజీలో.

"కోచ్‌కి తెలియని సంగతంటూ ఉండకూడదు" అన్న సలహా కోచ్‌లకి నచ్చుతుంది. మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను, సెలక్షన్ మీ చేతిలో ఉన్నంతవరకు మనసు ఫారం మీ చేతికి రాకూడదు. నిజం రాస్తే టీమ్‌లోంచి తీసేస్తారేమోనన్న భయం ఉన్నచోట అన్నిటికీ సున్నాలే పడతాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సెక్షన్ 23 ప్రకారం వైద్యం చేసేవాళ్లు ఈ సమాచారాన్ని గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లోనే సడలింపు. సైకాలజిస్టు మీకు చెప్పాల్సింది ఒక్కటే, ఈ వారం ప్రాక్టీసు భారం తగ్గించాలా వద్దా అని. ఎందుకని అడక్కండి. మీరు చెయ్యగలిగింది మీకుంది. ప్రాక్టీసుకి రావడం తగ్గిందా, కృత్రిమ కాలు పెట్టుకోవడానికి విసుక్కుంటున్నాడా, అందరితో కలిసి టిఫిన్ చేసేవాడు గదిలోనే ఉండిపోతున్నాడా అన్నది మీకంటే బాగా ఎవరికీ కనపడదు.

ఇక అమ్మల సలహా: "నీళ్లు తక్కువ తాగు నాన్నా, రైల్లో ఇబ్బంది." మన సామర్లకోట జంక్షన్‌లో ఢిల్లీ వైపు రైలెక్కే వీల్‌చైర్ అథ్లెట్‌ని చూస్తే ఈ సలహా ఎక్కణ్నుంచి పుట్టిందో తెలుస్తుంది. వికలాంగుల బోగీ రైలు కొసన ఉంటుంది. రైలు ఆగే రెండు నిమిషాల్లో ఆ కొసకి చేరాలి, కుర్చీ మడిచి ఎత్తించాలి, ఆ బోగీలో అప్పటికే మామూలు ప్రయాణికులు నిండిపోయి ఉంటారు. వేరే బోగీలో అయితే నడవాలో కుర్చీ పట్టదు, బాత్రూము తలుపులో అసలే పట్టదు. అందుకని ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. రోజుకి పైగా ప్రయాణం. వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి అసలే చెమట సరిగా పట్టదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ తేలిగ్గా వస్తుంది. తల బరువు, చిరాకు, దేని మీదా దృష్టి నిలవకపోవడం. మర్నాడు ట్రయల్స్‌లో ఈటె అయిదు మీటర్లు తక్కువ పడుతుంది. "మైండ్ వీక్" అని రాసేస్తారు. ఆ మైండుకి గ్లాసుడు నీళ్లు దొరకలేదు! ఎవరి మనసునైనా అంచనా కట్టే ముందు ఎలా వచ్చాడు, ఏం తాగాడు, ఎంత పడుకున్నాడు అని అడగండి. రెండు రోజుల ముందే చేరేలా టికెట్లు తీయించండి. ఆ ఖర్చు కోసం చందా అడగడానికి మొహమాటపడకండి.

గుసగుసగా ఇచ్చే సలహా ఒకటుంది: "క్లాసిఫికేషన్‌లో వైకల్యం కొంచెం ఎక్కువ ఉన్నట్టు చూపించు." తప్పని వేరే చెప్పక్కర్లేదు, నియమాల ప్రకారం నిషేధం పడుతుంది. మనసు సంగతికొస్తే, వైకల్యాన్ని బట్టి ఎవరు ఏ విభాగంలో ఆడాలో తేల్చే ఆ క్లాసిఫికేషన్ గది దానికదే పెద్ద పరీక్ష. తెలియని మనుషుల ముందు ఒంట్లో ఏది పనిచెయ్యదో కొలిపించుకోవాలి. టోక్యో పారాలింపిక్స్‌లో 2021 ఆగస్టు 29న ఎఫ్52 డిస్కస్‌లో కాంస్యం వచ్చిన వినోద్ కుమార్‌ని, మర్నాడు ఏ విభాగంలోనూ చేర్చలేమని ప్యానెల్ తేల్చడంతో పతకం పోయింది. కారణాల జోలికి నేను వెళ్లడం లేదు. ఒక్క రాత్రిలో ఇంత మారగలదని తెలిసిన క్రీడాకారులు ఆ గదిలోకి అడుగుపెట్టే వారం ఎలా గడుపుతారో మనం లెక్కలోకి తీసుకోవాలి. ముందూ వెనకా వారం పాటు రోజూ పలకరించండి. ఫలితం ఏదైనా ఆ సాయంత్రం ఒంటరిగా ఉంచకండి.

"ఆ మాత్రలేసుకుంటే డోపింగ్‌లో దొరికిపోతావ్" అన్న భయం వల్ల వైద్యం మానేసినవాళ్లున్నారు. కుంగుబాటుకి మామూలుగా రాసే ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో లేవు. అయితే గుండెదడ తగ్గడానికి రాసే ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్లు షూటింగ్, ఆర్చరీ ఆడేవాళ్లకి పోటీల్లోనే కాదు, బయట కూడా నిషేధం. ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్‌కి పోటీ సమయంలో ముందస్తు వైద్య మినహాయింపు ఉండాలి. జాబితా ఏటా జనవరి 1న మారుతుంది. నేను ఫలానా ఆట ఆడతానని డాక్టరుకి మొదటే చెప్పాలి, చీటీలు దాచుకోవాలి, సందేహం ఉంటే మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడాని అడగాలి. సొంతంగా మాత్రలు ఆపెయ్యడం మాత్రం వద్దు.

చివరగా, "చావు మాట ఎత్తకు, లేని ఆలోచన పుట్టించినట్టవుద్ది." అవ్వదు. సూటిగా అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నదానికి ఆధారం లేదు. అడిగినందుకు బరువు దిగిందన్నవాళ్లున్నారు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటలతోనే అడగండి. అవునంటే వాదించకండి, మెడల్ గుర్తుచెయ్యకండి, ఒట్టు వేయించుకోకండి. పక్కనే ఉండండి. ఇంట్లో ప్రమాదకరమైనవి అందుబాటులో లేకుండా చూడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. వినపడనివాళ్లయితే వాళ్ల బదులు మీరు చెయ్యండి. కాకినాడ ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగం ఉంది, సామర్లకోట నుంచి ఆటోలో వెళ్లే దూరమే. వీల్‌చైర్ పట్టే బండి ఎవరి దగ్గరుందో, నడపడానికి ఎవరొస్తారో అవసరం రాకముందే కనుక్కుని ఫోన్లో నంబరు పెట్టుకోండి. వచ్చే వారం సెలక్షన్ ఉందని ఆ డాక్టరు అపాయింట్‌మెంట్‌ని వాయిదా వెయ్యకండి.